గింజలో కుంచం

మెమో ఇచ్చేటప్పుడు జగన్నాధం గారు పొడుం పీల్చరు. మామూలు రోజుల్లో ఫైలు తెరవడానికొక పట్టు, మూయడానికొక పట్టు, మధ్యలో ఏమీ తోచకపోతే ఊరికే ఇంకొక పట్టు. ఆ బుధవారం పొద్దున్న మాత్రం డబ్బీ మూతపెట్టి పక్కకి జరిపి, కళ్ళజోడు సవరించుకుని, కాయితాన్ని రెండు చేతులా పట్టుకుని పద్మకుమారి బల్ల ముందు నిలబడ్డారు. ముప్ఫై ఏళ్ళ హెడ్డుగుమస్తా అలా నిలబడ్డాడంటే సంగతి చిన్నది కాదని ఆమెకి అర్థమైపోయింది.

"రెండింటి మీదా సంతకం పెట్టమ్మా. ఒకటి నీకు, ఒకటి ఫైలుకి."

పద్మకుమారి చదువుకుంది. సర్వే కార్డులకి కన్నాలు కొట్టడంలో ఆమె అజాగ్రత్త వహించినదట. అందువల్ల కోటబొమ్మాళిలో ఎకరా దిగుబడి పది క్వింటాళ్ళు ఉండవలసింది పదిహేను క్వింటాళ్ళ దాకా తేలినదట. తాత్కాలిక ఉద్యోగం నుండి ఆమెను ఎందుకు తొలగించరాదో పది రోజుల్లోగా సంజాయిషీ ఇచ్చుకోవలెనట.

"నేను తప్పు కొట్టలేదండీ," అంది.

"అదే రాసియ్యి. ఊరికే కాదు, రుజువుతో రాయాలి. మిషను అబద్ధం ఆడదు కదా! మరి మిగిలింది ఎవరు?"

ఆ ఆఫీసుకి గవర్నమెంటు పెట్టిన పేరు బోర్డు మీద రెండు వరసలు పట్టేది గాని, ఆమదాలవలసలో అందరూ కన్నాలాఫీసనే అనేవారు. స్టేషనుకి ఎదురుగా ధాన్యం గోదాము మేడ మీద రెండు గదులు. జిల్లాలో ఏ ఊళ్ళో ఎకరానికి ఎంత పండిందో సర్వేవాళ్ళు రాసుకొచ్చిన కాయితాలన్నీ అక్కడికే చేరతాయి. వాటిని చూసి పద్మకుమారి అట్టకార్డులకి కన్నాలు కొడుతుంది. పన్నెండు మీటల చేతి మిషను. అంకెకి ఒక కన్నం, ఇంగ్లీషు అక్షరానికైతే రెండు మీటలు కలిపి నొక్కి రెండు కన్నాలు. ఎడమ చూపుడువేలు కాయితం మీద వరస పట్టుకుని ఉంటే కుడిచేతి వేళ్ళు మీటల మీద తిరుగుతాయి. కార్డు టకటకమంటూ ఒక్కో గడీ జరుగుతుంది. ఎనభై గడులు అయ్యాక దాన్ని తీసి, వెలుతురుకి అడ్డుపెట్టి ఒకసారి చూసి, దొంతర మీద బోర్లిస్తుంది. మిషను కింద రాలిన బియ్యపుగింజంత ముక్కలు ఊళ్ళో పెళ్ళిళ్ళకి వెళ్ళేవి. అక్షింతల్లో కలుపుకుంటే ఎక్కువ వస్తాయని.

కార్డులు పెట్టెల్లో రైలెక్కి కంప్యూటర్లున్న చోటికి పోతాయి. రాష్ట్రంవారి లెక్క హైదరాబాదు మిషను మీద, కేంద్రంవారి లెక్క కలకత్తా మిషను మీద. రెండూ రెండు కంపెనీల సరుకు. లెక్క ఎలా చెయ్యాలో చెప్పే కార్డుల దొంతరని ప్రోగ్రామంటారు. దాన్ని మిషను ముందు తన సొంత భాషలోకి తర్జుమా చేసుకుని, ఆ తరవాత లెక్కకి దిగుతుంది. ఒక మిషను చేసుకున్న తర్జుమా రెండోదానికి ఎందుకూ పనికిరాదు. ఈ ప్రోగ్రాం రాసినది ఆఫీసరు గణపతిరావు. కలకత్తాలో ఆరునెలలు ట్రైనింగై వచ్చాడు. మొదటి కార్డు మీద ఆయన పేరే ఉంటుంది, ఇంటిపేరుతో సహా.

ఇక కుంచాల సంగతి. కిలోలొచ్చి ఏళ్ళయినా కళ్ళంలో రైతు కుంచంతోనే కొలుస్తాడు, కుంచాల్లోనే చెబుతాడు. పైగా ఏ సంతకి ఆ సంత కుంచం వేరు. కోటబొమ్మాళి కుంచానికి మూడు కిలోల ధాన్యం పడితే పక్క సంత కుంచానికి మూడుంపావు పడుతుంది. అందుకని సర్వే జరిగే నలభై రెండు ఊళ్ళ సంత కుంచాలూ ఎన్నేసి కిలోలో ఒక పట్టిక తయారుచేసి, దాన్ని నలభై రెండు కార్డుల మీద వేరే కొట్టి ఉంచారు. ప్రోగ్రాం ఆ పట్టిక చూసుకుని కుంచాలని కిలోలు చేస్తుంది. ఆ కిలోలని బట్టి తాలూకాఫీసువాళ్ళు ఏ ఊరు గవర్నమెంటుకి ఎంత లెవీ ధాన్యం తోలాలో నోటీసులు రాస్తారు.

పద్మకుమారి మెమోని అద్దం కింద పెట్టి, పెన్సిలు చెక్కి, హైదరాబాదునించి వచ్చిన లెక్క ముందేసుకుంది. కోటబొమ్మాళి, ఎకరానికి మూడు వందల ముప్ఫై కుంచాలు. మూడుతో గుణిస్తే తొమ్మిది వందల తొంభై కిలోలు. మిషను వేసింది పద్నాలుగు వందల ఎనభై అయిదు. వెనక్కి భాగించి చూసింది. నాలుగున్నర! నాలుగున్నర కిలోల కుంచం జిల్లా మొత్తం మీద ఎక్కడా లేదు. సరే, మూడు కొట్టబోయి నాలుగున్నర కొట్టిందనుకుందాం. నౌపడ తీసింది. అదీ తప్పే. తరవాతి ఊరు, ఆ తరవాతి ఊరు. భోజనం డబ్బా మూత తీయకుండా సాయంత్రం దాకా నలభై రెండూ భాగించింది. ఒక్కటీ మన పట్టికతో కలవలేదు. కొన్ని ఊళ్ళకి ఉన్నదాని కన్నా తక్కువ తేలింది. లెవీ తగ్గిందని ఏ ఊరూ గోల పెట్టదు కనక గోల పెట్టిన కోటబొమ్మాళి ఒక్కటే మెమోకి ఎక్కింది. పద్మకుమారికి ఒళ్ళు మండిపోయింది. ఒక కార్డు తప్పు కొడితే ఒక ఊరు తప్పాలి గాని, నలభై రెండు ఊళ్ళూ తప్పడానికి తనకేమైనా పూనకం వచ్చిందా?

"అసలు మన పట్టిక వాళ్ళకి చేరిందాండీ?" అని అడిగింది.

జగన్నాధం గారు రిజిస్టరు తిప్పి వేలు పెట్టి చూపించారు. "ఎనిమిదో తారీకు. ఒకటోది, ప్రోగ్రామూ సర్వే కార్డులూ, స్టేషనరీ కింద ఒక పార్సిలు. రెండోది, కుంచాల పట్టిక, రికార్డు కింద ఇంకొక పార్సిలు. రెండూ పోయాయి."

"ఒకే పెట్టెలో పెట్టకపోయారా?"

"స్టేషనరీ వేరు, రికార్డు వేరు. రెంటినీ కలిపి పంపితే ఆడిటువాళ్ళు నా ప్రాణం తీస్తారు," అని రిజిస్టరు మూసి, ఇంటికి పొమ్మన్నట్టు గడియారం చూశారు.

*

పాసింజరు రావడానికి ఇంకా అరగంట ఉంది. పద్మకుమారి రోజూలా ప్లాట్ఫారం మీది బల్ల దగ్గరికి కాకుండా తిన్నగా పార్సిలాఫీసుకి వెళ్ళింది. పార్సిలు గుమస్తా కొండబాబు అరటిగెలల మధ్య కూర్చుని లేబుళ్ళు రాస్తున్నాడు. ఆయన బల్ల ఒక కాలు పొట్టిది. ఆ కాలి కింద ఎత్తుకి ఒక చిన్న చెక్కపెట్టె పెట్టి ఉంది. పద్మకుమారి నోరు తెరవకముందే పెట్టెని చూసింది. దాని మీద సీసపు పెన్సిలుతో తానే రాసిన "కార్డులు, తడపరాదు" అన్న అక్షరాలు ఆమె కేసే చూస్తున్నాయి.

"కొండబాబు గారూ, ఆ పెట్టె మాదండీ!"

"మీదేనమ్మా, నాను కాదన్లేదు," అన్నాడు కొండబాబు తలెత్తకుండా. "దీని ఫారం మీద సంతకం లేదు. సంతకం నేకపోతే రైలెక్కదు. రెండుపాల్లు కబురెట్టినాను. మీ హెడ్డుగుమస్తా బాబు ఏటన్నారంటే, అన్నీ రిజిస్టర్లో ఉన్నాయి పో అన్నారు. రిజిస్టర్లో ఉన్నాది సరే, బల్లకింద కూడా ఉన్నాది కదేటి!"

"మరి ఇన్నాళ్ళూ బల్లకింద పెట్టారా?"

"తడపరాదని మీరే రాసినారు. ఇంతకన్నా పొడిగా ఉన్న సోటు ఈ స్టేషనుకి నేదు."

పద్మకుమారికి ఏడవాలో నవ్వాలో తెలీక నవ్వేసింది. కొండబాబు కూడా నవ్వి, ఒక ఇటుక వెతికి బల్లకాలి కింద పెట్టి, పెట్టె దుమ్ము దులిపి, సంతకం లేని ఫారంతో సహా ఆమె చేతికిచ్చాడు. పాసింజర్లో ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఎదురుగా ఉన్న చేపల బుట్టలావిడ, "ఏటమ్మా, నగలా?" అని అడిగింది. "అంతకన్నా ఎక్కువే," అంది పద్మకుమారి.

హైదరాబాదుకి పట్టిక చేరనే లేదు. మరి నాలుగున్నర ఎక్కడిది? అక్కడి మిషనుకి ఏదో ఒక పట్టిక కావాలి. తమది కనపడకపోతే అంతకు ముందు ఏ జిల్లాదో అక్కడే ఉండిపోయినదాన్ని తగిలించి ఉంటారు. ఊర్లాం దాటేసరికి ఇంతవరకూ తేలింది. కోటబొమ్మాళి వచ్చేసరికి ఇంకొక దిగులు పట్టుకుంది. ఈ పెట్టె రేపు పంపినా అది మళ్ళీ వేరే పార్సిలే. మళ్ళీ ఏదో ఒక బల్లకి కాలు పొట్టిగా ఉండకపోదు.

ఊళ్ళో కబురు తనకన్నా ముందే దిగి ఉంది. "మనూరి గుంటే మనింటికి కన్నం ఏసినాది," అని ఎవరో అరుగు మీంచి అన్నారు, తను వినేలాగే. పద్మకుమారి తల వంచుకుని మేనత్త ఇంటికి నడిచింది. గురమ్మత్త దగ్గరే ఆమె ఉండడం. పొలం పనిలోనే కాదు, కొలతలో కూడా గురమ్మ మాట ఆ ఊళ్ళో చెల్లుతుంది. మగవాళ్ళ కళ్ళాల్లో సైతం రాశి కొలవాలంటే ఆమెని పిలుస్తారు. ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టి, రెండు, మూడు అంటూ ఆమె కుంచం తిప్పుతుంటే కూలీలు కూడా మాట్లాడరు.

ఆ పూట గురమ్మ నౌపడలో ఉన్న వియ్యపురాలికి విత్తనాల మూట కడుతోంది. గోనెసంచిలో సగం దాకా ధాన్యం పోసింది. ఆ తరవాత గోడకున్న ఇత్తడిపట్టీల కుంచం తీసి, సంచిలో గింజల మీద పెట్టి, దాని మీద మిగతా ధాన్యం పోసేసింది. కుంచం కనపడకుండా మునిగిపోయింది.

"కుంచం లోపల పడిపోనాది అత్తా!"

"పడిపోలేదే, నానే పెట్టినాను. ఏటి కొత్తగా సూస్తన్నావు?" గురమ్మ దబ్బనంతో సంచి మూతి కుడుతూ అంది. "ఇక్కడ మన కుంచంతో నలభై కొలిసి ఇచ్చినాను. అక్కడ ఆల కుంచంతో కొలిస్తే ముప్పయ్యారే వస్తాది. గురమ్మ నాలుగు కుంచాలు మింగేసినాదంటాది మా వియ్యపురాలు. అది అసలే నోరుగల్ది. అందుకే గింజ ఎక్కడికెల్తే కుంచం దానితోనే ఎల్లాల. విడిగా ఇచ్చినామంటే దారిలో బండోడు మరిసిపోతాడు. లోపల పెట్టి కుట్టేసినావనుకో, ఎవలు మరిసిపోయినా కుంచం మరిసిపోదు."

పద్మకుమారి చేతుల్లోంచి చెక్కపెట్టె జారి నేలమీద పడింది. తీయలేదు. గురమ్మ భుజాలు రెండు చేతులా పట్టుకుని, "అత్తా, అత్తా, నువ్వు బంగారం!" అని ఊపేసింది.

"ఒగ్గెయ్యే, దబ్బనం గుచ్చుకుంటాది!" అని కసిరింది గురమ్మ. తరవాత అన్నం పెడుతూ సంగతంతా విని, "ఇంతకీ నీ పని ఉంటాదా, పోతాదా?" అని అడిగింది. ఉంటుందని చెప్పడానికి పద్మకుమారికి ధైర్యం చాల్లేదు. చూడాలంది.

*

మర్నాడు ఆఫీసులో ఇంకా ఎవరూ రాకముందే ఆమె ఆ ఫారాన్ని జగన్నాధం గారి బల్ల మీద పెట్టి, పక్కన కలం పెట్టింది. ఆయన వచ్చి చూశారు. డబ్బీ మీదకి పోబోయిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"స్టేషన్లో దొరికిందండీ. మీ సంతకం ఒక్కటే మిగిలిపోయింది."

జగన్నాధం గారి చెవులు ఎర్రబడ్డాయి. ఇంకో ఏడాదిలో రిటైరవబోతున్న మనిషి. రిజిస్టరు తెరిచి ఎనిమిదో తారీకు చూసుకున్నారు. మళ్ళీ మూశారు.

"ఆఫీసరు గారికి చెప్పావా?"

"పెట్టె స్టేషన్లో ఉండిపోయిందని చెబుతానండీ. ఎందుకుండిపోయిందని ఆయన అడగరు. నాకెందుకు చెప్పడం?"

ఆయన ఆమె మొహంలోకి చూడకుండా సంతకం పెట్టారు. సంతకం ఎప్పటికన్నా చిన్నదిగా పడింది.

గణపతిరావు మంచివాడే. తన ప్రోగ్రాం జోలికి రానంతవరకూ ఇంకా మంచివాడు. పెట్టె సంగతి విని "అరెరే" అని, హైదరాబాదుకి టెలిగ్రాం ఇప్పించాడు. మధ్యాహ్నానికి జవాబొచ్చింది. పట్టిక అందలేదు, దగ్గరున్నది వాడాము, అని. గణపతిరావు గట్టిగా నిట్టూర్చాడు.

"సరే, ఇప్పుడు పట్టిక పంపించేద్దాం. లెక్క సరిగ్గా వస్తే నీ మెమో సంగతి చూద్దాం. రాకపోతే మాత్రం నా చేతిలో ఏమీ లేదమ్మా. లెవీ నోటీసులు వచ్చే శనివారం బయల్దేరతాయి."

"పట్టిక విడిగా వద్దండీ. ప్రోగ్రాం లోపల పెట్టేద్దాం."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ప్రోగ్రాం వేరు, డేటా వేరు పద్మకుమారీ. కలకత్తాలో మాకు మొదటి రోజు చెప్పిన పాఠం అదే. పట్టిక మారిన ప్రతిసారీ ప్రోగ్రాం మళ్ళీ తర్జుమా చేయించుకోవాలి. ఎంత యాతన!"

"సర్వే కార్డులు ఏటా మారతాయండీ, వాటిని బయటే ఉంచుదాం. కుంచం మా తాతల నాటినుంచీ మారలేదు. అది లోపలుంటే మిషను ప్రోగ్రాంతోపాటు దాన్ని కూడా తన భాషలోకి తర్జుమా చేసేసుకుంటుంది. అప్పుడింక ఎవరు మరిచిపోదామన్నా మరిచిపోలేరు." సంచిలో కుంచం సంగతి కూడా చెప్పింది. గురమ్మ వియ్యపురాలి నోటి గురించి చెప్పేసరికి గణపతిరావు ఫక్కున నవ్వాడు. నవ్వాక మనిషి మెత్తబడ్డాడు.

"పోనీ అలాగే కానీ. దానికో చక్కటి పద్ధతుంది. డేటా అని ఒక మాట రాసి నలభై రెండు అంకెలూ వరసగా పేర్చెయ్యొచ్చు. నాలుగైదు కార్డుల్లో అయిపోతుంది."

పద్మకుమారి బీరువాలోంచి రెండు పుస్తకాలు తెచ్చింది. ఒకటి కలకత్తా మిషనుది, ఒకటి హైదరాబాదుది. పనిలేని మధ్యాహ్నాలు ఆమె చదివేవి ఈ రెండు పుస్తకాలే, ఆఫీసులో వేరే చదవడానికేమీ లేక. "కలకత్తాదానికి ఆ మాట వచ్చండీ. హైదరాబాదుది పాతది, దానికి రాదు. చూడండి, వరసలో ఎక్కడా లేదు. అక్కడ పెడితే మొత్తం ప్రోగ్రామే వెనక్కి కొట్టేస్తుంది."

గణపతిరావు రెండు పుస్తకాలూ ముందుకీ వెనక్కీ తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. "అయితే ఏం చేద్దామంటావ్?"

"రెంటికీ వచ్చిన మాటలే వాడదాం. ఒకటో కుంచం సమానం ఇంత, రెండో కుంచం సమానం ఇంత, అని నలభై రెండు కార్డులు."

"ఒకటో తరగతి ఎక్కంలా ఉంటుంది. ఇంత మొరటుగానా?"

"మొరటుగా రాస్తే ఎక్కడైనా నడుస్తుందండీ."

ఆయన ఒక్క క్షణం తన ప్రోగ్రాం వైపు, కన్నపిల్లకి ముక్కు కుట్టించబోతున్న తండ్రిలా చూసి, "కొట్టు," అన్నాడు.

రెండు మిషన్లకీ రెండు దొంతరలు కావాలి. గురువారం మధ్యాహ్నం మొదలుపెట్టింది. కార్డు పెట్టడం, మీటలు నొక్కడం, వెలుతురుకి పట్టి చూడడం. ఒక్క కన్నం పక్కకి పడినా ఆ కార్డు చింపి మళ్ళీ. ఈసారి తప్పు పడితే నిజంగానే తన తప్పవుతుంది. అందుకని కొట్టిన ప్రతి కార్డూ పైకి చదువుకుంది. వేళ్ళ చివర్లు కందిపోయాయి. పదిహేడో నెంబరు కోటబొమ్మాళిది. దాని దగ్గర ఆగింది. పొద్దున్న రైలుకి బయల్దేరేటప్పుడు గురమ్మ ఒక మాట అంది. కళ్ళంలో రాశి పోశాక దాని మీద బూడిదతో ముద్ర వెయ్యాలి, ముద్ర లేని రాశిని ఎవలైనా ఎత్తుకుపోతారు, నీ కాయితాల మీద ముద్రేదే, అని. కార్డులో ఆఖరి ఎనిమిది గడుల్ని మిషను పట్టించుకోదు. అక్కడ ఏమున్నా లెక్కలోకి రాదు, ప్రింటులో మాత్రం పడుతుంది. మామూలుగా అక్కడ వరస నెంబర్లు కొడతారు. పద్మకుమారి పదిహేడో కార్డు చివర నెంబరు బదులు ఇంగ్లీషులో గురమ్మ అని కొట్టింది. ఏడక్షరాలు. ఎనిమిది గడుల్లో సుఖంగా పట్టింది.

శుక్రవారం నాలుగు గంటలకి జగన్నాధం గారు ఆమె వెనక నిలబడి ఉన్నారు. ఎంతసేపట్నించి ఉన్నారో తెలీదు. ఆ మిషను వచ్చిన రోజునుంచీ ఆయన దాన్ని "ఆ కత్తెర" అనేవారే గాని ఏనాడూ తాకలేదు.

"పి అక్షరానికి ఏ మీటలమ్మా?"

"పైన పదకొండోదీ, కింద ఏడోదీ కలిపి నొక్కాలండీ. ఎందుకు?"

"ఊరికే. రిజిస్టర్లో రాసుకుంటాను," అన్నారు. తరవాత, మాట తప్పించినట్టు, "ప్రోగ్రాం మొదటి కార్డు మీద ఆఫీసరు గారి పేరు ఉంటుంది కదా, అది లెక్కకి అడ్డం రాదా?" అని అడిగారు.

"మొదటి గడిలో సి కొడితే మిషను ఆ కార్డుని ప్రింటు చేసి వదిలేస్తుందండీ. అది మనుషులకోసం."

"ఓహో, మనుషులకోసం," అంటూ వెళ్ళిపోయారు. ఈ మనిషికి ఇప్పుడీ ధ్యాస ఎందుకు పట్టుకుందో ఆలోచించే తీరిక పద్మకుమారికి లేదు. శనివారం మధ్యాహ్నం రెండు దొంతరలూ పూర్తిచేసి, రబ్బరు పట్టీలు వేసి, బల్లమీద పెట్టి భోజనానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి జగన్నాధం గారే పెట్టెల్లో సర్దేసి, మేకులు కూడా కొట్టేశారు. చెత్తబుట్టలో తను పారెయ్యని పాడైన కార్డులు ఏడెనిమిది కనపడ్డాయి. ఊడ్చే అమ్మడు ఆడుకుని ఉంటుందనుకుంది.

ఈసారి స్టేషనరీకి వేరే, రికార్డుకి వేరే అనలేదాయన. ఒక మిషనుకి ఒక పెట్టె. రెండు ఫారాల మీదా సంతకం కనపడేంత పెద్దది పెట్టారు. హైదరాబాదు పెట్టె గణపతిరావే పట్టుకుని మెయిలెక్కాడు. కలకత్తా పెట్టె, అక్కడ ఆయనతో ట్రైనింగైన స్నేహితుడి పేరున వెళ్ళింది. పెట్టెని గార్డు చేతికిస్తూ కొండబాబు, "ఇది బల్లకింద పెట్టేది కాదు, జాగర్త," అని మరీ చెప్పాడు.

*

మెమో గడువు శనివారం. శుక్రవారం పొద్దుటికి గణపతిరావు హైదరాబాదునుంచి దిగాడు. అదే రైలుకి ఎదురొచ్చిన మెయిల్లో కలకత్తా కాయితాలూ దిగాయి. పదకొండు గంటలకి తాలూకాఫీసునుంచి తహసీల్దారు నరసింగరావు జీపులో వచ్చాడు. నోటీసులన్నీ సిద్ధం చేసుకుని అంకె ఒక్కటీ ఖాళీ ఉంచుకున్న మనిషి, కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏ మిషను మాట నమ్మమంటారో ఒకటి తేల్చండి గణపతిరావు గారూ. మొన్నటి హైదరాబాదు లెక్క పదిహేనంటుంది, రైతులు పదంటారు. మీ కన్నాల అమ్మాయి ఏమంటుంది?"

రెండు బల్లలు కలిపి రెండు ప్రింట్లూ పక్కపక్కన పరిచారు. ఒకదాని అక్షరాలు లావు, ఒకదానివి సన్నం. కాయితాల వెడల్పు కూడా ఒకటి కాదు. గణపతిరావు ఒకటి చదివితే నరసింగరావు రెండోదాని మీద వేలు జరుపుకుంటూ చూశాడు. పద్మకుమారి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఒక చేత్తో తలుపు పట్టుకుని వింటోంది.

"కోటబొమ్మాళి. తొమ్మిది వందల తొంభై."

"తొమ్మిది వందల తొంభై."

"నౌపడ..."

నలభై రెండు ఊళ్ళూ చదివారు. ఎక్కడా ఒక్క కిలో తేడా రాలేదు. నరసింగరావు మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పద్మకుమారికి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. సంతోషానికే వచ్చాయి. పైటచెంగుతో తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"బాగుంది. ఒకరి ముఖం ఒకరు చూడని మిషన్లు రెండూ ఒకే మాట చెప్పాయి. ఇంక నాకేం కావాలి?" అని నరసింగరావు నోటీసుల కట్ట విప్పబోతూ, ప్రింటు మొదట్లో ఉన్న పట్టిక మీద ఆగాడు. "ఇదేవిటి, పదిహేడో లైను పక్కన గురమ్మ అని ఉంది? మీ స్టాఫా?"

గణపతిరావు తెల్లబోయాడు. జగన్నాధం గారు గొంతు సవరించుకున్నారు.

"కొలతకి సాక్షి అండి. ఆ సంత కుంచం ఆవిడదే. సాక్షి పేరు ఉండాలి కదండీ, రూలు ప్రకారం."

అలాంటి రూలేదీ లేదని ఆ గదిలో ముగ్గురికి తెలుసు. నరసింగరావు మాత్రం మెచ్చుకోలుగా తలూపాడు. వేలు ఇంకా కిందికి జరిపాడు. నలభై రెండో లైను దాటాక ఆగి, కళ్ళు చిట్లించి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని పైకి చదివాడు.

"ఈ పట్టికను ప్రోగ్రాం లోపల పెట్టినది కుమారి పద్మకుమారి, కోటబొమ్మాళి. తప్పు ఆమెది కాదు."

పద్మకుమారి తలుపు వదిలేసి గబగబా వచ్చి చూసింది. ఆ లైను తను కొట్టలేదు. హైదరాబాదు ప్రింటులో ఉంది. కలకత్తాదాంట్లో చూసింది. అక్కడా ఉంది, అదే చోట. మొదటి గడిలో సి. ఆఖర్లో ఒక అక్షరం రెండుసార్లు పడింది. రెండు వేళ్ళతో, ఒక్కో మీటా వెతుక్కుని నొక్కిన మనిషి చెయ్యి అది. చెత్తబుట్టలో ఏడెనిమిది కార్డులు పాడుచేసుకుని మరీ, రెండు దొంతరలకీ రెండు కొట్టిన చెయ్యి.

గణపతిరావు ఆ లైనూ, హెడ్డుగుమస్తానీ మార్చిమార్చి చూశాడు. జగన్నాధం గారు కిటికీలోంచి స్టేషను వైపు, అక్కడేదో అర్జెంటు ఫైలు ఉన్నట్టు చూస్తున్నారు. "నా పేరు పక్కన పేరుండడం నాకేమీ అభ్యంతరం లేదు," అన్నాడు గణపతిరావు చివరికి, నవ్వుతూనే. ఆ నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చినా నిజమైనదే. "మొరటుదే నడిచింది పద్మకుమారీ. ఏప్రిల్లో ఉద్యోగం పర్మనెంటు చెయ్యమని నేనే రాస్తాను."

జీపు వెళ్ళాక, గణపతిరావు నిద్ర తీర్చుకోవడానికి ఇంటికి పోయాక, పద్మకుమారి అద్దం కిందనుంచి మెమో తీసి జగన్నాధం గారి బల్ల మీద పెట్టింది.

"దీన్నేం చెయ్యమంటారండీ?"

"చింపడానికి వీల్లేదు. నెంబరు పడిపోయింది." ఆయన కాయితాన్ని ఇటూ అటూ తిప్పారు. "నెంబరు పడ్డ మెమోకి జవాబు ఉండాలి. గడువు రేపటిదాకా ఉంది, రాసియ్యి."

"ఏమని రాయనండీ?"

జగన్నాధం గారు డబ్బీ మూత తీశారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఈ పది రోజుల బాకీ అంతా పట్టుకుని, కళ్ళు మూసుకుని పీల్చారు. రెండు తుమ్ములు తుమ్మి, ఉత్తరీయంతో ముక్కు తుడుచుకున్నారు.

"ఆ ఆఖరి లైను ఉంది చూడు. అది దింపెయ్యి," అన్నారు.

పద్మకుమారి కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగానే కూర్చుని, ఆయన కలంతోనే ఆ లైను మెమో కింద మక్కీకి మక్కీ దింపింది. జగన్నాధం గారు దాన్ని రెండుసార్లు చదువుకుని, సంతృప్తిగా రిజిస్టరు తెరిచి, దానికీ ఒక నెంబరు వేశారు.